పెళ్లయిన కొన్నేళ్లకు వచ్చేది విసుగా, అలసటా? తేల్చుకుని సరిచేసుకోవడం ఎలా

"మా మధ్య గొడవలేం లేవండీ. ఆయనకు తాగుడు లేదు, చెడు తిరుగుళ్లు లేవు. అయినా ఆయన ఇంటికొచ్చే టైమయ్యేసరికి ఏదో నీరసం." "మా ఆవిడ మంచిదేనండీ. కానీ ఇంట్లో ఇద్దరమే ఉన్నా మాట్లాడుకోవడానికి ఏమీ ఉండట్లేదు." ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. పెళ్లయి ఆరేడేళ్లయినవాళ్లు అడుగుతారు. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయాక యాభైల్లో ఉన్నవాళ్లూ అడుగుతారు.

చుట్టాలు, స్నేహితులు దీనికి చెప్పే మందు ఒక్కటే: "నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రండి." కొందరికి అది పనిచేస్తుంది. కొందరు మాత్రం వెళ్లొచ్చాక ఇంకా డీలా పడిపోతారు. ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే ఈ నీరసం వెనక రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి విసుగు, అంటే కొత్తదనం కరువవడం. రెండోది అలసట, ఇప్పుడు అందరూ బర్న్‌అవుట్ అంటున్నది, అంటే మోయాల్సింది మోయగలిగినదాన్ని మించిపోవడం. విసుగు పోవాలంటే జీవితంలో ఏదో ఒకటి కలపాలి. అలసట పోవాలంటే ఏదో ఒకటి తీసేయాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే జబ్బు ముదురుతుంది. అందుకే ముందు మీది ఏదో తేల్చుకోవాలి.

సిద్ధాంతం కొద్దిగా చెప్పి పనిలోకి దిగుతాను. మంచి జరిగినా చెడు జరిగినా మనిషి మనసు కొన్నాళ్లకు దానికి అలవాటు పడిపోతుందని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వవేత్తలు 1971లోనే రాశారు. కొత్త ఇల్లు, పెరిగిన జీతం, పెళ్లి, అన్నీ మామూలైపోతాయి. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ "అందరిళ్లలోనూ ఇంతే" అని వదిలేస్తే నష్టమే. అమెరికాలోని మిషిగన్‌లో 123 జంటలను ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 2009లో ప్రచురించారు. పెళ్లయిన ఏడో ఏట బోర్ కొడుతోందన్నవాళ్లకు పదహారో ఏట సంతృప్తి తక్కువగా ఉంది. ఇక బర్న్‌అవుట్ అన్న మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్ల గురించి వాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఇప్పటికీ ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగానే చెబుతుంది, జబ్బుల్లో కలపదు. కానీ దాని గుర్తులు మూడూ కాపురంలోనూ కనిపిస్తాయి: ఓపిక పూర్తిగా అయిపోవడం, ఎదుటి మనిషి విషయంలో మొద్దుబారిపోవడం, ఎంత చేసినా ఇంతేలే అనిపించడం.

ముందు ఈ హెచ్చరిక చదవండి

మీ ఇంట్లో కొట్టడం, బెదిరించడం, ఇంటి ఖర్చుకు డబ్బులివ్వకపోవడం, ఫోన్ లాక్కుని చూడటం, పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం లాంటివి ఉంటే కింద చెప్పినవేవీ చేయకండి. అది విసుగూ కాదు, అలసటా కాదు. మాటలతో, డబ్బుతో పెట్టే హింస కూడా 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదికొస్తే 112. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయసలహా, తలదాచుకునే చోటు ఒకేచోట దొరుకుతాయి. అలాంటి ఇంట్లో "కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోండి" అనే సలహా ఆ మనిషిని ఇంకా ప్రమాదంలోకి తోస్తుంది.

కావలసినవి

- రెండు నోటు పుస్తకాలు, ఒక్కొక్కరికి ఒకటి. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు కానీ ఒకరిది ఒకరు అడగకుండా చూడకూడదు.
- ఆరు నుంచి ఎనిమిది వారాల ఓపిక.
- రోజూ 20 నిమిషాలు, వారానికోసారి ఓ గంట.
- ఇద్దరే మాట్లాడుకోగలిగే చోటు. అత్తమామలతో కలిసి డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఉండేవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. డాబా, అపార్ట్‌మెంట్ కింద నడక, కూరగాయల మార్కెట్‌కు బండి మీద వెళ్లి రావడం, ఏదైనా సరే.
- "తప్పెవరిదో తేల్చడానికి ఇది చేయట్లేదు" అని ముందే ఇద్దరూ ఒప్పుకోవడం.

మీ వారో, మీ ఆవిడో దీనికి కలిసి రాకపోతే 1, 2, 6 అంచెలు మీరొక్కరే చేయండి. నాలుగో అంచెలో జవాబిచ్చే భాగం కూడా ఒక్కరే మొదలుపెట్టవచ్చు. ఒకరు మారితే రెండోవారు కదలడం చాలాసార్లు జరుగుతుంది. అలాగని గ్యారంటీ లేదు.

1. ఒక వారం రాసి, మీది ఏదో తేల్చుకోండి

రోజూ పడుకునే ముందు రెండు వాక్యాలు చాలు. ఈ రోజు సాయంత్రం వాళ్లను చూడగానే నాకేమనిపించింది? ఆ క్షణంలో నాకు ఏం కావాలనిపించింది? అంతే. కారణాలు, నేరారోపణలు, పెళ్లినాటి సంగతులు రాయకండి.

వారం చివర ఈ ప్రశ్న వేసుకోండి: "రేపు సెలవు. పిల్లల్ని చూసుకోవడానికి మనుషులున్నారు. వంట లేదు, ఆఫీసు ఫోన్లు రావు. మొట్టమొదట నాకేం చేయాలనిపిస్తుంది?"

"ఎటైనా పోవాలి, ఏదైనా కొత్తది చేయాలి, కొత్త మనుషుల్ని చూడాలి" అంటే మీది విసుగు. ఒంట్లో సత్తువ ఉంది, దాన్ని పెట్టే చోటు లేదు.

"తలుపేసుకుని పడుకోవాలి, సాయంత్రం దాకా ఎవరూ నన్ను పిలవకూడదు" అంటే మీది అలసట.

"వాళ్లు లేనిచోట ఉంటే చాలు" అని వస్తే, రాసుకున్న పేజీలు మళ్లీ చదవండి. సాధారణంగా లోపల చెప్పుకోని కోపమో, అవమానమో ఒకటి ఉంటుంది. పెళ్లిలో మర్యాదల దగ్గరో, కాన్పు సమయంలో పట్టించుకోలేదనో, అడక్కుండా తమ్ముడికిచ్చిన డబ్బు దగ్గరో ఏళ్లుగా ఆగిపోయి ఉంటుంది. మీరు ఆరో అంచెతో మొదలుపెట్టండి.

ఇద్దరి జవాబులూ ఒకటే కానక్కర్లేదు. నేను ఎక్కువగా చూసే జోడీ ఇది: భర్తకు విసుగు, భార్యకు అలసట. ఆయన "ఎప్పుడూ ఇల్లేనా, సినిమాకు పోదాం పద" అంటారు. ఆమెకు ఆ మాట వినగానే పిల్లలకు అన్నం పెట్టడం, అత్తగారికి పెందలాడే చపాతీలు చేసివ్వడం, తిరిగొచ్చాక సింకులో గిన్నెలు కళ్లముందు తిరుగుతాయి. "మీరెళ్లండి" అంటుంది. ఆయనకు అది తిరస్కారంగా వినిపిస్తుంది. ఆమెకు ఆయన పిలుపు ఇంకో పనిలా వినిపిస్తుంది. ఇలా రెండూ ఉంటే అలసటతోనే మొదలుపెట్టాలి. అంటే మూడో అంచె కొంత దూరం నడిచాకే అయిదో అంచె.

ఇక్కడ జరిగే పొరపాటు: మీ జవాబు వదిలేసి ఎదుటివాళ్ల జవాబు మీరే రాయడం. "ఆయనకు ఏ అలసటా లేదు, అంతా బద్ధకం" అని రాశారంటే ఆ పేజీ కొట్టేయండి.

2. ఒంటిని ఒకసారి చూపించుకోండి

దీన్ని దాటేయకండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 పడిపోయినా మనిషి నీరసంగా, చిరాగ్గా అవుతాడు. మామూలు రక్తపరీక్షల్లో ఇవి తెలిసిపోతాయి. నలభైలు దాటిన ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయే ముందు ఏళ్లలో నిద్ర, మూడ్ రెండూ దెబ్బతినవచ్చు. గట్టిగా గురక పెడుతూ, పొద్దున లేచినా నిద్ర చాలనట్టుండే మగవాళ్లు డాక్టర్‌తో ఆ సంగతి చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన తేడా గమనించండి. కాపురం ఒక్కటే చప్పగా ఉంటే అది కాపురం సంగతి. ఇష్టమైన పాటలు, స్నేహితులు, తిండి, పండగలు కూడా చప్పబడిపోయి, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. కాన్పయిన ఏడాదిలోపు ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. దానికి వైద్యం ఉంది, నయమవుతుంది. భర్తను మార్చాలనో, భార్యను సరిచేయాలనో చూస్తూ ఆ వైద్యాన్ని వాయిదా వేయకండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇక్కడితో చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

3. అలసటకు: బరువును కాగితం మీద పెట్టి, కొంత దించండి

ఈ మొత్తంలో ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం ఇక్కడే.

కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఈ లెక్కలో చేతిపని కనిపిస్తుంది. తలలో తిరిగే పని అంతా కనిపించదు. అలిసన్ డామింజర్ అనే సమాజశాస్త్రవేత్త 2019లో ఈ తలపనిని నాలుగు ముక్కలు చేసి చూపించారు: ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టుకుని ఉండటం.

మన ఇళ్లలో ఇది ఎలా ఉంటుందో చూడండి. స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: "శుక్రవారం పిల్లలు రైతు వేషంలో రావాలి." ఆ మెసేజ్ చూసింది అమ్మ. బుడ్డోడికి పంచె లేదని గుర్తొచ్చింది ఆమెకే. అద్దెకు తేవాలా, తాతగారి తువ్వాలు చిన్నగా కట్టాలా అని ఆలోచించింది, తలపాగాకు ఎర్ర గుడ్డ ఎక్కడుందో బీరువాలో వెతికింది, దుకాణానికి ఫోన్ చేసి సైజు అడిగింది. గురువారం రాత్రి నాన్న బండి మీద వెళ్లి డ్రెస్ తెచ్చారు. శుక్రవారం పొద్దున ఏడింటికి పిన్నీసులు పెట్టింది మళ్లీ అమ్మే. శనివారం గుర్తుపెట్టుకుని వాపసు ఇవ్వమని చెప్పిందీ ఆమే. గొడవైతే ఆయన అనేది: "డ్రెస్ నేనే తెచ్చాను కదా!" తెచ్చారు, నిజమే. ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయనకు కనిపించింది అంతవరకే.

ఎలా చేయాలి:

క) ఇద్దరూ విడివిడిగా ఇంటి పనులన్నీ రాయండి. గ్యాస్ బుకింగ్, పాల ప్యాకెట్లు, పనిమనిషి రాకపోతే ఏం చేయాలి, మామగారి బీపీ మాత్రలు, ఈఎంఐ, కరెంటు బిల్లు, చుట్టాల పెళ్లిళ్లకు కట్నాలు, పండగ బట్టలు, ఊళ్లో పొలం కౌలు లెక్క, అన్నీ. మగవాళ్లు మోసే బరువు కూడా చాలాసార్లు బయటికి కనిపించదు. చెల్లి పెళ్లికి చేసిన అప్పు, ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం, తండ్రి ఆపరేషన్ ఖర్చు. అవీ రాయండి.

చ) ప్రతి పని పక్కన మూడు గళ్లు గీయండి: గుర్తుపెట్టుకునేది ఎవరు, చేసేది ఎవరు, అయిందని చూసుకునేది ఎవరు.

ట) రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ "ఎక్కువ నేనే చేస్తున్నా" అని రాసి ఉంటే కంగారు పడకండి. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో దంపతులను విడివిడిగా అడిగితే, ఇద్దరూ చెప్పుకున్న వాటాలు కలిపినప్పుడు నూటికి మించిపోయాయి. ఎవరి పని వాళ్లకు బాగా గుర్తుంటుంది. అబద్ధాలాడుతున్నారని పోట్లాడుకోవద్దు.

త) ముందు కొట్టేయండి, తర్వాతే పంచుకోండి. ఎవరూ చేయకపోయినా కొంప మునగని పనులు ప్రతి ఇంట్లో ఉంటాయి. రోజూ రెండు కూరలు, ప్రతి శుభకార్యానికీ ఇద్దరూ హాజరవడం, ఇస్త్రీ చేసిన దుప్పట్లు. మూడు పనులైనా కొట్టేయండి.

ప) మిగిలినవాటిలో కొన్నింటిని మూడు గళ్లతో సహా ఒకరి నుంచి ఇంకొకరికి మార్చండి. "సాయం చేస్తాను, ఏం చేయాలో చెప్పు" అన్న పద్ధతి ఇక్కడ పనికిరాదు. చెప్పడమే ఒక పని. స్కూల్ సంగతులు ఆయనవైతే వాట్సాప్ గ్రూపులో ఉండేది ఆయనే, శుక్రవారం వేషం గుర్తుపెట్టుకునేదీ ఆయనే.

అప్పజెప్పినవాళ్లకు ఒక మాట. ఇచ్చేశాక వెనకే నిలబడి చూడకండి. పప్పులో ఉప్పు తక్కువైనా, బాబు టిఫిన్ బాక్సులో బ్రెడ్డే వెళ్లినా రెండు వారాలు నోరు మెదపకండి. "నువ్వు జరుగు, నేను చేస్తా" అన్న క్షణంలో ఆ బరువు మళ్లీ మీ నెత్తికెక్కుతుంది. అయితే పిల్లల మందులు, పెద్దవాళ్ల మాత్రలు, గ్యాస్ లాంటి ప్రమాదం ఉన్న వాటిలో మొదటి వారం ఇద్దరూ చూసుకోండి.

ఉమ్మడి ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకో సమస్య వస్తుంది. కొడుకు గిన్నెలు కడుగుతుంటే తల్లి "ఏం ఖర్మరా నీకు" అంటుంది. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది కొడుకు, కోడలు కాదు. "అమ్మా, ఇది నా పనే, నేనే చేస్తానన్నాను" అని నెమ్మదిగా, ప్రతిసారీ ఒకే మాట చెబితే చాలు. కోడలు వాదనకు దిగితే సంగతి గిన్నెలు దాటి ఎక్కడికో పోతుంది.

అమెరికాలో, దుబాయ్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి పంచుకోవడానికి పనిమనిషి ఉండదు, నానమ్మా అమ్మమ్మా ఉండరు. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండిపోయిన భార్యకు విసుగూ అలసటా ఒకేసారి పట్టుకుంటాయి: చదివిన చదువుకు పని లేదు, ఇంట్లో పనికి అంతు లేదు. మీరు "కొట్టేయడం" అన్న ముక్కనే ఎక్కువ వాడాలి. పక్కనున్న ఒకటి రెండు తెలుగు కుటుంబాలతో శనివారాలు వంతులవారీగా పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేసుకుంటే ఇద్దరికీ ఒక పూట దొరుకుతుంది.

4. రోజూ ఇరవై నిమిషాలు: చిన్న మాటకు జవాబివ్వడం

ఈ అంచె విసుగుకూ పనిచేస్తుంది, అలసటకూ పనిచేస్తుంది.

ఆమె సంచిలోంచి వంకాయలు తీస్తూ "ఈ రోజు వంకాయలు ఎంత లేతగా ఉన్నాయో చూడండి" అంటుంది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అంటారు. ఆమె ఇంకేమీ అనదు, కత్తిపీట తీసుకుంటుంది. ఇది గొడవ కాదు, ఎవరికీ గుర్తు కూడా ఉండదు. కానీ ఆమె అడిగింది వంకాయల గురించి కాదు, ఒక్క నిమిషం నాతో ఉండమని. జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కొత్తగా పెళ్లయిన జంటల్లో ఇలాంటి చిన్న చిన్న పిలుపులను లెక్కపెట్టారు. ఆరేళ్ల తర్వాత కలిసి ఉన్న జంటలు మొదట్లో వందలో 86 పిలుపులకు పలికినవాళ్లు. విడిపోయినవాళ్లు పలికింది 33 పిలుపులకే.

చేయాల్సింది: ఇద్దరూ ఇంట్లో ఉండే ఒక ఇరవై నిమిషాలు ఎంచుకోండి. ఫోన్లు వేరే గదిలో పెట్టండి, బల్ల మీద బోర్లించి పెడితే చాలదు. పిల్లల చదువు, డబ్బు, చుట్టాలు, ఈ మూడూ ఆ ఇరవై నిమిషాల్లో నిషేధం. మొదటి నాలుగు రోజులు మాటలే దొరకవు, ఇబ్బందిగా ఉంటుంది. సరే, ఊరికే కూర్చుని టీ తాగండి, నడవండి. మాట దానంతటదే వస్తుంది.

మంచి వార్తకు ఇచ్చే జవాబు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు చూపించింది ఇదే: కష్టంలో తోడుండటం ఎంత ముఖ్యమో, సంతోషాన్ని పంచుకోవడమూ అంతే ముఖ్యం. "ఈ రోజు మేనేజర్ అందరిముందూ మెచ్చుకున్నాడు" అంటే "అలాగా, పెరుగు తెచ్చావా?" అనకండి. "మెచ్చుకుంటే మరి జీతం పెంచాడా?" అని పొడవకండి. "ఏమన్నాడు? నువ్వేమన్నావు? చెప్పు చెప్పు" అనండి.

షిఫ్టులు వేరైన వాళ్లకు, గల్ఫ్‌లో భర్త ఉన్నవాళ్లకు వీడియో కాల్ కంటే వాయిస్ మెసేజ్ ఎక్కువ నప్పుతుంది. రోజుకొకటి, ఆ రోజు చూసిన ఒక చిన్న సంగతి గురించి. డబ్బు లెక్కలకు వేరే కాల్ పెట్టుకోండి.

5. విసుగుకు: ఇద్దరికీ చేతకానిది ఏదైనా కలిసి చేయండి

"వారానికోసారి హోటల్‌కు వెళ్తూనే ఉన్నామండీ, ఏం మారలేదు" అంటారు చాలామంది. మారదు. అది హాయిగా ఉంటుంది, కొత్తగా ఉండదు. ఆర్థర్ ఏరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో భార్యాభర్తల మణికట్లు, చీలమండలు కలిపి కట్టేసి, చాపల మీద పాకుతూ, చేతులు వాడకుండా ఒక దిండును అవతలికి చేర్చమన్నారు. ఏడు నిమిషాల పని. చప్పటి పని చేసిన జంటలతో పోలిస్తే వీళ్లకు తమ బంధం గురించిన అభిప్రాయం మెరుగుపడింది. నవ్వుకున్నారు, తడబడ్డారు, ఒకరినొకరు పట్టుకున్నారు. పనిచేసేది అదే: కొంచెం కొత్త, కొంచెం కష్టం, ఇద్దరూ ఒకే జట్టు.

కాబట్టి రెండు వారాలకోసారి ఒకటి ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఉంటే పొద్దున్నే భువనగిరి కోట గుట్ట ఎక్కి రండి. విజయవాడ వాళ్లకు కొండపల్లి కోట ఉంది. విశాఖ వాళ్లు కారు వదిలేసి సొరంగాల మీదుగా వెళ్లే రైల్లో అరకు వెళ్లవచ్చు. ఖర్చు పెట్టలేకపోతే ఎప్పుడూ ఎక్కని పల్లెవెలుగు బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రండి. ఇల్లు కదల్లేని వాళ్లు ఇద్దరికీ రాని వంట ఒకటి కలిసి చేయండి, ఈత నేర్చుకోండి, ఒక వాయిద్యం పట్టండి. ఒకరికి వచ్చింది ఇంకొకరికి నేర్పడం మాత్రం మొదట్లో వద్దు. కారు డ్రైవింగ్ నేర్పబోయి నెల రోజులు మాటలు మానేసిన జంటలున్నాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ఇన్నోవా నిండా చుట్టాలతో తిరుపతి వెళ్లి దాన్ని దీని కింద జమకట్టడం మొదటిది. దర్శనం దర్శనమే, ఇది వేరు. రెండోది, ప్రయాణమంటే బ్యాగులు సర్దడం, మందులు, పిల్లల స్వెటర్లు, నీళ్ల సీసాలు అన్నీ ఒకరి మీదే పడటం. అప్పుడు విసుగు తీరినవాళ్లు ఒకరు, అలసట పెరిగినవాళ్లు ఇంకొకరు. ఎవరికి విసుగుందో సర్దడం వాళ్ల పని. మూడోది, సరదాగా ఉన్నామని ఫోటోలు పెట్టడానికే పూటంతా ఖర్చుపెట్టడం.

ఇంకో మాట. పాతికేళ్లు కలిసి ఉన్నవాళ్లు "తను ఏమంటుందో నాకు ముందే తెలుసు" అనుకుంటారు. దగ్గరివాళ్ల మాట మనకు ఎక్కువ అర్థమవుతుందని మనం అతిగా నమ్ముతామని 2011లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కెనెత్ సావిట్‌స్కీ, బోవాజ్ కీసార్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు కలిసి చేసినది. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. "పెళ్లికి ముందు నువ్వు వదిలేసుకున్న కోరిక ఏది?", "ఈ ఏడాది నీకు ఎక్కువ భయం వేసింది ఎప్పుడు?" లాంటి ప్రశ్న ఒకటి తీసుకోండి. మీరు ఊహించిన జవాబు కాగితం మీద రాసి, తర్వాత అడగండి. రెండూ పోల్చి చూడండి.

శారీరక సంబంధం గురించి కూడా చాలామంది మొహమాటపడుతూ అడుగుతారు. అలసట ఉన్నచోట కోరిక తగ్గడం సహజం. దాన్ని ప్రేమ తగ్గడంగా లెక్కేయకండి, ఒత్తిడి అసలు చేయకండి. మూడో అంచె బాగా నడిచిన ఇళ్లలో ఇది తనంతట తానే కొంత కుదుటపడుతుంది. నొప్పి ఉన్నా, మగవారిలో అంగస్తంభన సమస్య ఉన్నా డాక్టర్‌ను కలవాలి. షుగర్ వల్ల, కొన్ని బీపీ మందుల వల్ల, డిప్రెషన్ మందుల వల్ల కూడా ఇలా జరగవచ్చు. అయితే మందులు మీ అంతట మీరు ఆపేయకండి.

6. ఒకే గొడవ మళ్లీ మళ్లీ వస్తుంటే: ఏడు నిమిషాల రాత

ఒకరు అడుగుతూనే ఉంటారు, ఇంకొకరు మౌనంగా గదిలోకి వెళ్లిపోతారు. ఈమె అడిగేకొద్దీ ఆయన ముడుచుకుంటారు, ఆయన ముడుచుకునేకొద్దీ ఈమె గొంతు పెరుగుతుంది. అలాంటి గొడవ తర్వాత, వేడి చల్లారాక, విడివిడిగా కూర్చుని ఏడు నిమిషాలు రాయండి. మీ ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి ఎవరైనా ఆ గదిలో ఉండి ఉంటే వాళ్లకు ఆ గొడవ ఎలా కనిపించేది? అందులో వాళ్లకు దొరికే మంచి ఏమిటి? ఈసారి గొడవప్పుడు అలా చూడటానికి నాకు అడ్డుపడేది ఏమిటి? ఇలీ ఫింకెల్ బృందం షికాగో ప్రాంతంలో 120 జంటలతో ఈ పని చేయించి 2013లో ప్రచురించింది. నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాలు, ఏడాదికి మొత్తం 21 నిమిషాలు. రాసినవాళ్లలో కాపురం మీద సంతృప్తి దిగజారడం ఆగింది, రాయనివాళ్లలో దిగుతూనే ఉంది. గొడవలు మాత్రం రెండు గుంపుల్లోనూ అలాగే వచ్చాయి. తేడా అల్లా రాసినవాళ్లకు అవి మునుపటిలా మనసుకు తగల్లేదు.

మూడో మనిషి చోట మీ అమ్మనో, అన్నయ్యనో పెట్టుకోకండి, వాళ్లు మీ పక్షం. రాసింది ఎదుటివాళ్లకు చూపించి "చూడు, నేనెంత న్యాయంగా రాశానో" అనడం కూడా పనికిరాదు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

"ఇప్పుడు సంతోషంగా ఉన్నావా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబివ్వలేరు. కంటికి కనిపించేవాటిని చూడండి.

రెండు వారాలకు: ఇరవై నిమిషాల మాటలు వారానికి నాలుగైదు రోజులైనా జరుగుతున్నాయా? అప్పజెప్పిన పనుల్లో ఎన్నింటిని ఇంకా గుర్తుచేయాల్సి వస్తోంది? సగానికి పైగా గుర్తుచేస్తూనే ఉంటే పని మారలేదు, చేతులు మాత్రమే మారాయి. ఆ జాబితా మళ్లీ కూర్చుని రాయండి, ఈసారి తక్కువ పనులతో.

నాలుగు వారాలకు: సెలవు రోజు ప్రశ్న మళ్లీ వేసుకోండి. అలసట అని రాసినవాళ్లు ఈసారి "కాసేపు పడుకుని, తర్వాత ఎటైనా వెళ్దాం" అన్నారంటే బరువు దిగుతున్నట్టే. అయిదో అంచె మొదలుపెట్టడానికి అదే సరైన సమయం.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు: అడగకుండానే ఒకరికొకరు ఏదైనా చెప్పుకుంటున్నారా? ఆఫీసులో జరిగిన సంగతి ఫస్ట్ ఎవరికి చెప్పాలనిపిస్తోంది? పోట్లాట తర్వాత మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి మునుపు పట్టే టైము తగ్గిందా? ఈ మూడింటిలో ఒక్కటి మెరుగైనా కొనసాగించండి. మధ్యలో ఒక వారం అంతా పాడైపోతే, పండగలో, పిల్లల పరీక్షలో, ఎవరి ఆపరేషనో వస్తే, వదిలేయకండి. అది లెక్కలోకి రాదు.

ఎనిమిది వారాలైనా ఏమీ కదలకపోతే, మాట్లాడిన ప్రతిసారీ ఎగతాళి, చీదరింపే వస్తుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడంలో తప్పు లేదు. ఖర్చు భరించలేనివాళ్లకు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్తే పిచ్చి అనుకుంటారన్న భయం వద్దు, నిద్ర పట్టట్లేదని వెళ్లేవాళ్లూ ఎందరో ఉంటారు. ఒకరు రానంటే రెండోవారు ఒంటరిగానైనా వెళ్లండి. మొదటి రోజు పెళ్లినాటి నుంచి చరిత్రంతా చెప్పక్కర్లేదు. మీరు రాసుకున్న పనుల జాబితా, వేసుకుంటున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. ఈ ఎనిమిది వారాల్లో ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టండి.